అవసరం లేదని తెలిసినా మనసు లాగే పరికరాలు: మీకు ఏది కావాలనిపిస్తోంది, ఎందుకు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా నాకు ఒక టెలిస్కోప్ కొనుక్కోవాలని ఉంది. నేను ఖగోళశాస్త్రం చదివినవాణ్ణి కాను, నా ఉద్యోగానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, అది లేనందువల్ల ఇంట్లో ఏ పనీ ఆగలేదు. అయినా ఆన్‌లైన్ దుకాణంలో దాన్ని బుట్టలో వేయడం, తీసేయడం, కొన్నాళ్ళకు మళ్ళీ వేయడం జరుగుతూనే ఉంది. ఇలా మనసును లాగే వస్తువు దాదాపు ప్రతి ఒక్కరికీ ఒకటి ఉంటుందని నా నమ్మకం. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఒక విన్నపం. వస్తువు పేరు చెప్పి ఊరుకోకుండా, అది మిమ్మల్ని ఎందుకు లాగుతోందో, ఇంటికి వచ్చిన ఆరు నెలలకు దానితో ఏం చేస్తూ ఉంటామని అనుకుంటున్నారో కూడా రాయండి. ధరలు, లక్షణాల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. మన ఎండలకు, మన ఇళ్ళకు, మన నీళ్ళకు, మన కరెంటుకు అవి ఎలా తట్టుకుంటాయన్నది మాత్రం ఇక్కడివాళ్ళమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

నేను చూస్తున్నది 70 మిల్లీమీటర్ల కటకం ఉన్న టెలిస్కోప్. 525 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని దాని పెట్టె మీద రాసి ఉంది. మా ఇల్లు జగన్నాథగట్టు వైపు ఉంది, మిద్దె మీద రాత్రిపూట పెద్దగా వెలుతురు ఉండదు. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి, పిల్లలకు ఆకాశం చూపించే అలవాటు ఉన్నవాణ్ణి. ఆ 525 అన్న అంకె ఎలా వచ్చిందో ముందు చెబుతాను. ఆ రకం టెలిస్కోపుల నాభ్యంతరం, అంటే ముందున్న కటకం నుంచి బింబం ఏర్పడే చోటికి ఉన్న దూరం, సాధారణంగా 700 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి 4 మిల్లీమీటర్ల కంటి కటకం తగిలిస్తే 175 రెట్లు వస్తుంది, మధ్యలో మూడు రెట్ల బార్లో కటకం పెడితే 525 అవుతుంది. లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్కకు తగిన చిత్రం రాదు. ముందున్న కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు అంకె వరకే పెద్దదిగా చూపడం ఉపయోగపడుతుందని ఈ రంగంలో ఒక సూత్రం ఉంది. ఆ లెక్కన మీ 70 మిల్లీమీటర్ల పరికరానికి హద్దు 140 రెట్లు. ఆ పైన కనిపించేది మసక మాత్రమే.

నిజానికి అంత పెద్దదిగా చూపడం ఎవరికీ అక్కర్లేదు. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను చూసినది సుమారు 20 రెట్లు పెద్దదిగా చూపే పరికరంతోనే. శని వలయాలు 30 రెట్లకే విడిగా కనిపిస్తాయి. మసక వస్తువులు కనిపించాలంటే పెద్దదిగా చూపడం కంటే వెలుతురును పోగుచేసే శక్తి ముఖ్యం, అది వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 150 మిల్లీమీటర్ల అద్దం 70 మిల్లీమీటర్ల కటకం కంటే నాలుగున్నర రెట్ల వెలుతురును పడుతుంది. డాబ్సోనియన్ అనే రకంలో ఈ అద్దాన్ని నేల మీద తిరిగే చెక్క పీఠంలో కూర్చోబెడతారు కాబట్టి సన్నకాళ్ళ స్టాండు వణుకు ఉండదు. కొత్తవాళ్ళు టెలిస్కోపును అటక మీదికి ఎక్కించడానికి ఆ వణుకే ప్రధాన కారణమని నా అనుభవం చెబుతోంది.

అయితే మీరు మొదట కొనవలసింది 10x50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకాలు) బైనాక్యులర్ అని నా గట్టి అభిప్రాయం. చంద్రుడి మీది గుంతలు, కృత్తికలు, చేతులు కదలకుండా గోడకు ఆనించి పట్టుకుంటే గురుడి చందమామలు, అమావాస్య రాత్రుల్లో ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చ, ఇవన్నీ దానితో అందుతాయి. ఆ పరిచయం అయ్యాక కూడా కోరిక మిగిలి ఉంటే 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ తీసుకోండి. వేటితోనైనా సరే, సరైన సౌర వడపోత ముందు బిగించకుండా సూర్యుడి వైపు మాత్రం తిప్పవద్దు, చూపు శాశ్వతంగా పోతుంది.

మిద్దె గురించి ఒక మాట. మన ఎండకు పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూ ఉంటుంది, ఆ వేడిగాలి కదలికకు గ్రహాల బింబం అలలాడుతుంది. ఎండాకాలంలో మిద్దె కంటే మట్టినేల మేలు.

బుడ్డలచేను (అనంతపురం)

హంద్రీ ఒడ్డు గారూ, మీ ప్రశ్న బాగుంది, కానీ ‘అవసరం లేదు’ అని తీర్పు చెప్పేది ఎవరన్నది కూడా ఆలోచించాలి. నాకు గిన్నెలు కడిగే యంత్రం కావాలి. ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా అది విలాసమన్న జవాబే వస్తుంది. అదే ఇంట్లో రెండో ఫోను, మూడో జత చెవి ఇయర్‌బడ్స్ అవసరాలుగా చెల్లుబాటు అయ్యాయి. చేతులతో జరిగిపోతున్న పని కనిపించదు కాబట్టి ఆ పనిని తగ్గించే వస్తువు అవసరంగా కనిపించదు. ఈ సంగతిని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

మా జిల్లాలో వానలు తక్కువ, సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, బోరు నీళ్ళు ఉప్పగానూ గట్టిగానూ ఉంటాయి. అందువల్ల ఈ యంత్రం నీళ్ళు తాగేస్తుందని మొదట అందరూ అభ్యంతరం చెప్పారు. నేను వివరాలు చదివి చూశాను. 12 నుంచి 14 మంది సామాను పట్టే యంత్రం పొదుపు పద్ధతిలో ఒక విడతకు 10 లీటర్ల అటూ ఇటూ మాత్రమే వాడుతుంది, ఎందుకంటే లోపల చేరిన అవే నీళ్ళను వడకట్టి మళ్ళీ మళ్ళీ చిమ్ముతుంది. కుళాయి కింద అన్ని గిన్నెలు అంత నీటితో కడగడం సాధ్యం కాదు. గట్టినీళ్ళకు పరిష్కారంగా లోపల ఒక మెత్తబరిచే అర ఉంటుంది. దానిలో ప్రత్యేకమైన ఉప్పు పోస్తూ ఉండాలి, మన నీటి గట్టిదనాన్ని బట్టి ఎంత ఉప్పు వాడాలో సర్దుబాటు చేసుకోవాలి. ఆ సర్దుబాటు చేయకపోతే గాజు గ్లాసుల మీద తెల్లని పొర కడుతుంది.

ఇక దానితో కాని పనులు కూడా చెప్పాలి. సత్తు గిన్నెలు నల్లబడతాయి, ఇత్తడి మెరుపు పోతుంది, రొట్టెల ఇనుప పెనానికి పట్టిన నూనె మెరుగంతా కొట్టుకుపోయి తుప్పు వస్తుంది. సంగటి గిన్నెను నానబెట్టి, అడుగు గోకిన తర్వాతే లోపల పెట్టాలి. అంటే మా ఇంటి సామానులో స్టీలు, గాజు, పింగాణీ వరకే దానికి అప్పగించగలను. పొదుపు పద్ధతిలో ఒక విడతకు రెండు మూడు గంటలు పడుతుంది, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. ఇవన్నీ తెలిసిన తర్వాత కూడా నాకు అది కావాలి. ఆరు నెలలకు దానితో ఏం చేస్తూ ఉంటానని అడిగారు కదా. ప్రతి రాత్రీ వాడుతూ ఉంటాను.

ఇల్లు ఊడ్చే రోబో గురించి కూడా చూశాను గానీ వదిలేశాను. మా ఇంట్లో తాడిపత్రి బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, గడపలు ఎత్తుగా ఉంటాయి. ఆ రోబోలలో చాలావరకు రెండు సెంటీమీటర్లకు మించిన ఎత్తును ఎక్కలేవు.

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు)

నాకు స్మార్ట్‌వాచ్ కావాలి. టైము ఫోనులో కనిపిస్తుంది, నడక నాకు ఎలాగూ ఉద్యోగంలో భాగమే, కాబట్టి అవసరం లేదని నాకే తెలుసు. మా నాన్నగారికి షుగరు ఉంది. వేలికి సూది గుచ్చకుండానే చక్కెర చూపించే వాచీలు చాలా తక్కువ ధరకు వస్తున్నాయి, ఒకటి ఆయనకూ ఒకటి నాకూ తీసుకుంటే నా కోరికకు ఒక కారణం దొరికినట్టు అవుతుందని అనుకుంటున్నాను. వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పరీక్ష గది (కర్నూలు)

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. గుంతకల్లు సోదరా, దయచేసి నాన్నగారి కోసం అది కొనవద్దు. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే రక్తంలో చక్కెరను కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. వాచీ వెనకాల మెరిసే ఆకుపచ్చ కాంతి చర్మం కింద రక్తం పొంగు ఎలా మారుతోందో చూసి గుండె వేగాన్ని లెక్కిస్తుంది, ఎరుపు, పరారుణ కాంతులు ఆక్సిజన్ శాతాన్ని అంచనా వేస్తాయి. ఈ రెంటికీ శాస్త్రీయమైన ఆధారం ఉంది. చక్కెర విషయంలో అలాంటి నమ్మదగిన పద్ధతి ఇప్పటిదాకా చేతి వాచీలోకి రాలేదు. తక్కువ ధర వాచీ చూపే అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు ఎక్కువ తీసుకుంటే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

వేలు గుచ్చుకోవడం తగ్గాలంటే నిరంతరం కొలిచే సెన్సర్ అనే వేరే పరికరం ఉంది. భుజం వెనక అతికించుకుంటే, సన్నని తీగ ఒకటి చర్మం కిందికి దిగి, కణాల మధ్య ఉన్న ద్రవంలో చక్కెరను కొలుస్తూ ఉంటుంది. రకాన్ని బట్టి రెండు వారాల దాకా పనిచేస్తుంది, తర్వాత కొత్తది వేసుకోవాలి. ఖర్చుతో కూడుకున్నది, డాక్టరు సలహాతోనే వాడాలి. రోజూ చూసుకోవడానికైతే స్ట్రిప్పులు వాడే మామూలు గ్లూకోమీటరు ఇప్పటికీ నమ్మకమైనది.

మీ కోసం వాచీ కొనుక్కోవడం వేరే విషయం, దానికి నాన్నగారి జబ్బును కారణంగా చూపించుకోవలసిన పని లేదు. నచ్చితే నచ్చిందని కొనుక్కోండి.

లంకమల (కడప)

నాకు డ్రోన్ మీద మోజు. గండికోట దగ్గర పెన్నా లోయ మీదుగా ఉదయపు ఎండ పడుతున్నప్పుడు పైనుంచి చిత్రించాలనీ, వర్షాల తర్వాత లంకమల కొండలు పచ్చబడినప్పుడు ఆ రంగును వీడియోలో పట్టుకోవాలనీ ఉంది. నాకు వీడియోలు తీసే వ్యాపారం లేదు, పెళ్ళిళ్ళకు కిరాయికి ఇచ్చే ఆలోచన కూడా లేదు. 250 గ్రాముల లోపు బరువున్న డ్రోనుకు ఏ అనుమతీ అక్కర్లేదని అంటున్నారు. నిజమేనా? కర్నూలువాళ్ళు ఓర్వకల్లు రాతివనాల దగ్గర ఎగరేస్తే కూడా ఎంతో బాగుంటుంది.

తుంగభద్ర మెట్లు (కర్నూలు)

లంకమల గారూ, సగం నిజం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకంటే తక్కువ బరువున్నవాటిని నానో డ్రోన్లు అంటారు, వాటిని ఎగరేయడానికి రిమోట్ పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. ధ్రువపత్రం అక్కర్లేదు కదా అని ఎక్కడపడితే అక్కడ ఎగరేయడానికి వీల్లేదు. దేశాన్నంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించిన పటం ప్రభుత్వం వారి డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తు దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల మాత్రం గగనతల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. ఓర్వకల్లులో 2021 నుంచి విమానాశ్రయం నడుస్తోంది, మీ కడపలోనూ ఉంది. కాబట్టి రాతివనాల దగ్గరికి వెళ్ళినా ముందు ఆ పటం చూసుకోవలసిందే.

గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అక్కడ ఎగరేయాలంటే ఆ శాఖ అనుమతి వేరుగా తీసుకోవాలి. లంకమల విషయం ఇంకా సున్నితమైనది. అంతరించిపోయిందని అనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించినది మీ జిల్లాలోనే, ఆ అభయారణ్యం ఏర్పడినది ఆ పక్షి కోసమే. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ తీయడం తగదు. నేల మీద గూడు పెట్టుకునే పక్షులకు పైనుంచి వచ్చే ఆ రొద ఎంత భయం కలిగిస్తుందో కూడా ఆలోచించాలి.

మరో అడ్డంకి ఉంది. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, విడిభాగాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకుంటే కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. దొంగచాటుగా అమ్మేవాళ్ళ దగ్గర కొంటే మరమ్మతు చేసేవాళ్ళు దొరకరు. ఇన్ని కట్టుబాట్లకు లోబడి, ఏడాదిలో ఎన్నిసార్లు ఎగరేయగలమో కాగితం మీద రాసుకున్న తర్వాత నేను ఆ ఆలోచన మానుకున్నాను. మీ కోరిక కొండలను, పక్షులను చూడటమే అయితే 8x42 బైనాక్యులర్ గురించి ఆలోచించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రోళ్ళపాడు గడ్డిమైదానాల్లో కూడా అదే పనికి వస్తుంది.

లంకమల (కడప)

కలివికోడి సంగతి నేను ఇలా ఆలోచించలేదు. మా లంకమల పైన డ్రోన్ ఎగరేయను. గండికోటకు అనుమతి ఎలా అడగాలో కనుక్కుంటాను, దొరకకపోతే గట్టు మీద నిలబడి తీసిన చిత్రాలతోనే సరిపెట్టుకుంటాను.

పాత కాగితం (కడప)

నన్ను లాగుతున్నది ఈ-ఇంక్ తెర ఉన్న పెద్ద సైజు పుస్తక పరికరం. ఇంట్లో అచ్చు పుస్తకాలు అలమరల నిండా ఉన్నాయి, ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం అందుబాటులో ఉంది. అందువల్ల దీన్ని అవసరమని ఏ న్యాయస్థానంలోనూ నిరూపించలేను. అయినా ఇది ఎందుకు కావాలో వివరంగా చెప్పాలని ఉంది.

ఈ-ఇంక్ తెరలో వెనకనుంచి కొట్టే దీపం ఉండదు. అతి సూక్ష్మమైన గుళికల్లో తెల్లని, నల్లని రేణువులు వ్యతిరేక విద్యుదావేశాలతో తేలుతూ ఉంటాయి, విద్యుత్తు ఇచ్చిన దిశను బట్టి ఏదో ఒక రంగు పైకి వస్తుంది. ఒకసారి పేజీ ఏర్పడిన తర్వాత అది అలాగే నిలిచి ఉండటానికి విద్యుత్తు అక్కర్లేదు, పేజీ మార్చినప్పుడే ఖర్చవుతుంది. అందుకే ఒక్క ఛార్జింగుతో వారాల తరబడి నడుస్తుంది. మన ఎండలో ఫోను తెర నల్లని అద్దంలా మారిపోతుంది కానీ ఈ తెర మీద అక్షరం ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టమవుతుంది.

తెలుగువాళ్ళకు మాత్రం సైజు దగ్గర పెద్ద చిక్కు ఉంది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పేజీల బొమ్మలు, వాటిలో అక్షరాన్ని పెంచి పేజీని మళ్ళీ పేర్చే వీలు లేదు. క్రౌన్ సైజు పేజీ వెడల్పు 12 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఆరంగుళాల పరికరం తెర వెడల్పు 9 సెంటీమీటర్లు. పేజీ మొత్తం ఆ తెరలో ఇమిడేసరికి అక్షరం ముప్పాతిక కంటే చిన్నదవుతుంది. ఇంగ్లీషు అక్షరమైతే అప్పటికీ చదవవచ్చు, మన ఒత్తులు మాత్రం అలుక్కుపోతాయి. పాత అచ్చులో సిరా పాకిన పుస్తకమైతే క-వత్తు, త-వత్తు తేడా పోల్చుకోవడం కూడా కష్టం. 10.3 అంగుళాల తెర వెడల్పు 15 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి దాని మీద పేజీ అసలు సైజులోనే కనిపిస్తుంది. కానీ ధర ఆరంగుళాలదాని కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. చవకది కొంటే పని జరగదు, పని జరిగేది కొనాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. నా సందిగ్ధం అంతా ఇక్కడే ఉంది.

ఒకటి మాత్రం చెప్పగలను. నేను ఇప్పటికే రోజూ రాత్రి అలాంటి పీడీఎఫ్‌లు ల్యాప్‌టాప్‌లో చదువుతున్నాను. పరికరం వస్తే కొత్త అలవాటు పుట్టనక్కర్లేదు.

లెక్కల పుస్తకం (ప్రొద్దుటూరు)

పాత కాగితం గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అలవాటు ముందే ఉండి వస్తువు దాని వెనక రావడం ఒక రకం, వస్తువు వచ్చాక అలవాటు పుడుతుందని ఆశపడటం ఇంకో రకం. బుడ్డలచేను అక్కయ్యది కూడా మొదటి రకమే, ఆమె రోజూ చేస్తున్న పనికే యంత్రం అడుగుతోంది.

నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి కొనే పద్ధతి గురించి చెబుతాను. అవసరం లేని వస్తువు దగ్గర మనిషి తటపటాయించినప్పుడు ఆ తటపటాయింపును పోగొట్టేది ‘నో కాస్ట్ ఈఎంఐ’ అనే మాట. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే స్పష్టం చేసి, బ్యాంకులు అలాంటి పథకాలు నడపకూడదని చెప్పింది. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవాడు ధరలో తగ్గింపుగా చూపిస్తాడు. పైకి రెండూ చెల్లుకు చెల్లు. కానీ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కూడా చాలాసార్లు మన నెత్తినే పడతాయి. ఉదాహరణకు కంతులన్నిటిలో వడ్డీ భాగం 1,000 రూపాయలు, ఫీజు 199 రూపాయలు అనుకోండి. వడ్డీ మీద జీఎస్టీ 180, ఫీజు జీఎస్టీతో కలిపి 235, మొత్తం 415 రూపాయలు అదనం. ఒకేసారి చెల్లించేవాళ్ళకు ఇచ్చే కార్డు తగ్గింపు మనకు దక్కకపోతే అదీ నష్టమే. మధ్యలో వస్తువు వెనక్కి ఇచ్చినా ఆ ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

మొత్తం చిన్నదే కావచ్చు. నా ఆవేదన వేరే చోట ఉంది. జీతం మీద బతికే కుర్రవాళ్ళు వాచీకి ఒక కంతు, ఇయర్‌ఫోన్లకు ఒక కంతు, ఫోనుకు ఒక కంతు పెట్టుకుని, నిజంగా అవసరం పడి ఇంటి అప్పు కోసం వచ్చినప్పుడు, ఆ కంతులన్నీ వాళ్ళ అర్హతను తగ్గిస్తున్నాయి. ఒక్క కంతు ఆలస్యమైనా క్రెడిట్ స్కోరులో మచ్చ పడుతుంది. మోజు తీర్చుకోండి, కానీ చేతిలో ఉన్న డబ్బుతో తీర్చుకోండి.

పత్తి యార్డు (ఆదోని)

నాకు కావలసింది రేడియో తరంగాలను కంప్యూటరుకు అందించే చిన్న యూఎస్‌బీ పరికరం. టీవీ చూడటానికి తయారైన ఆర్‌టీఎల్2832యూ అనే చిప్‌ను సాఫ్ట్‌వేర్ రేడియోగా, అంటే కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే రేడియోగా, వాడుకోవచ్చని 2012లో ఔత్సాహికులు కనిపెట్టారు. దాదాపు 24 నుంచి 1,700 మెగాహెర్ట్జ్ దాకా అందుకుంటుంది, విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో పంపే తమ స్థానం, ఎత్తు వివరాలను పటం మీద చూపిస్తుంది. అమెరికా నోవా వాతావరణ ఉపగ్రహాలు మన తల మీదుగా వెళ్ళేటప్పుడు 137 మెగాహెర్ట్జ్‌లో పంపే మేఘాల చిత్రాన్ని ఇంట్లో చేసిన యాంటెనాతో పట్టాలన్నది నా అసలు కోరిక. అరమీటరు పైచిలుకు పొడవున్న రెండు అల్యూమినియం కడ్డీలను 120 డిగ్రీల కోణంలో పెడితే ఆ యాంటెనా తయారవుతుంది.

అయితే పాత పద్ధతిలో చిత్రాలు పంపే నోవా-15, 18, 19 ఉపగ్రహాలను 2025లో ఒకదాని వెనక ఒకటిగా విరమింపజేశారు. 1998లో ఎగిరిన నోవా-15 అన్నేళ్ళు పనిచేయడమే గొప్ప. దానితో నా కోరికలో ప్రధానమైన భాగం పోయింది. రష్యా మెటియోర్ ఉపగ్రహాలు అదే 137 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఇంకా మంచి చిత్రాలను డిజిటల్ పద్ధతిలో పంపుతున్నాయని చదివిన తర్వాత మళ్ళీ ఆశ కలిగింది.

దీని నుంచి నాకు తట్టిన ప్రశ్న ఒకటి ఉంది, మీరందరూ మీ వస్తువులకు దాన్ని వేసి చూడండి. ఈ పరికరం పనిచేయడం అవతల ఎవరి చేతిలో ఉంది? నా యూఎస్‌బీ పరికరం ఒక ఉపగ్రహం పోతే ఇంకోదాన్ని వింటుంది. కంపెనీ సర్వరు ఆగిపోతే చచ్చిపోయే వస్తువుల సంగతి అలా కాదు. కారులో పాటల కోసం స్పాటిఫై అమ్మిన కార్ థింగ్ అనే పరికరాన్ని ఆ కంపెనీయే 2024 డిసెంబరు 9న పనిచేయకుండా ఆపేసింది. చొక్కాకు తగిలించుకునే హ్యూమేన్ ఏఐ పిన్ 2024 ఏప్రిల్‌లో 699 డాలర్లకు వచ్చింది, 2025 ఫిబ్రవరి 28తో దాని సేవలు ముగిశాయి. కొన్నవాళ్ళ చేతిలో ఏడాది కూడా నిలవలేదు.

బుడ్డలచేను (అనంతపురం)

ఆదోని తమ్ముడి ప్రశ్న చాలా విలువైనది. ఆ ప్రశ్న పెట్టుకుని చూస్తే, ఫోనులో యాప్ లేనిదే కొన్ని పద్ధతులు తెరుచుకోని యంత్రాలను పక్కన పెట్టాలని నిర్ణయించుకున్నాను. అన్ని మీటలూ ముందు పలక మీదే ఉన్న రకం చాలు. మా ఊళ్ళో మరమ్మతు చేసే మనిషి ఉన్నాడా, పంపు విడిగా దొరుకుతుందా అన్నది కూడా కొనేముందే అడుగుతాను. లెక్కల పుస్తకం గారూ, కంతులు పెట్టను. చీటీ పాడిన డబ్బు వచ్చేదాకా ఆగుతాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. 525 రెట్ల లెక్క చదివిన వెంటనే బుట్టలోంచి ఆ టెలిస్కోపును తీసేశాను. 10x50 బైనాక్యులర్ కొంటాను. తుంగభద్ర మెట్లు గారు 8x42 అన్నారు, పెన్నా గట్టు మాస్టారు 10x50 అన్నారు. పక్షులకూ ఆకాశానికీ కలిపి ఒక్కటే కొనాలంటే ఏది తీసుకోవాలో చెప్పగలరా? పెద్ద అద్దంలోంచి శనిని ఒక్కసారైనా చూసిన తర్వాత డాబ్సోనియన్ సంగతి తేల్చుకుంటాను.

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు కటకం వ్యాసం. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పు వస్తుంది, 8x42కి 5.25 మిల్లీమీటర్లు, 10x50కి 5 మిల్లీమీటర్లు. ఆ విషయంలో రెండూ దాదాపు సమానమే. 8x42 తేలిక, చేతిలో తక్కువ వణుకుతుంది, కదిలే పక్షిని వెతకడానికి వీలుగా ఎక్కువ మేర కనిపిస్తుంది. ఒక్కటే కొనేవాళ్ళకు నేను 8x42 చెబుతాను. గురుడి చందమామలు దానిలో కూడా కనిపిస్తాయి, మోచేతులు దేనికైనా ఆనించుకోవాలి, అంతే.

శనిని చూడాలంటే కార్తీకం తర్వాత ఒక అమావాస్య దగ్గర మా ఊరికి రండి, నా దగ్గర 150 మిల్లీమీటర్ల అద్దం ఉంది. 2025 మార్చిలో వలయాలు మనకు అంచు మాత్రమే కనిపించేలా తిరిగాయి, ఆ ఏడాది చివర్లో చూసినవాళ్ళకు కూడా వలయాలు సన్నని గీతలాగే కనిపించాయి. ఆ తర్వాతి నుంచి అవి మెల్లగా విచ్చుకుంటున్నాయి. లంకమల గారూ, పాత కాగితం గారూ, మీరూ రావచ్చు. చీకటి పడకముందే చేరుకోండి, అద్దం బయటి చలికి సర్దుకోవడానికి అరగంట పడుతుంది. టార్చికి ఎర్రని కాగితం చుట్టి తెచ్చుకోండి, తెల్లని వెలుతురు పడితే చీకటికి అలవాటుపడిన కళ్ళు మళ్ళీ మొదటికి వస్తాయి.

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు)

పరీక్ష గది అన్నగారి సలహా ప్రకారం నాన్నగారికి గ్లూకోమీటరు తీసుకున్నాను. వాచీ నా కోసమే కొంటాను, కానీ ఇంకో సందేహం. ఇంట్లో పాత ట్యాబ్లెట్, బ్లూటూత్ స్పీకరు డ్రాయరులో పడి ఉన్నాయి. ఎండాకాలం గడిచి తీసి చూసేసరికి బ్యాటరీ నిలవడం లేదు. వాడకుండా పెట్టినవి ఎందుకు పాడవుతున్నాయి?

పత్తి యార్డు (ఆదోని)

లిథియం బ్యాటరీకి వేడి, నిండు ఛార్జి రెండూ కలిస్తే లోపలి రసాయన చర్యలు వేగంగా జరిగి, వాడకపోయినా దాని సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. పూర్తిగా ఖాళీ అయిపోయి నెలల తరబడి అలాగే ఉన్నా పాడవుతుంది. చాలాకాలం పక్కన పెట్టే పరికరాన్ని సగం ఛార్జితో ఆపివేసి, 32 డిగ్రీల లోపు చోట ఉంచాలనీ, ఆరు నెలలకు ఒకసారి మళ్ళీ సగానికి ఎక్కించాలనీ ఆపిల్ కంపెనీ తన పరికరాలకు సూచిస్తుంది. మనకు మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె కిందున్న అటక మీద ఇంకా ఎక్కువ. కాబట్టి అటకకు ఎక్కించకుండా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో కింది అరలో పెట్టండి. ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జింగ్ పెట్టవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. ఆ స్పీకరు ఇంకా మోగుతుంటే ఈ వేసవి రాకముందే వాడుకునేవాళ్ళకు ఇచ్చేయడం మంచిది.